డిక్కీలో పడుకునే మనిషి

ఆర్న్ నది పొంగి కెల్‌హామ్ కార్ల ఫ్యాక్టరీలోకి నడుం లోతు నీళ్ళొచ్చిన వరదకు అది మూడో ఏడు. ఎన్నిసార్లు రంగు వేసినా గోడలమీద ఆ నీటి గీత చలికాలం రాగానే మళ్ళీ పైకి తేలేది. ఆ ఏడు ఆగస్టులో, ఫ్యాక్టరీకి సెలవులిచ్చిన మొదటి శనివారం, ఈనాక్ ట్రిగ్ నోట్లో ఉన్న పళ్ళన్నీ పీకించుకున్నాడు.

అంత జబ్బేమీ లేదు. రెండు దంతాలు కదులుతున్నాయి, చిగుళ్ళ నుంచి అప్పుడప్పుడూ రక్తం వస్తోంది. కానీ ప్రభుత్వం కట్టుడు పళ్ళు ఊరికే ఇస్తోంది. వాళ్ళుండే కానింగ్ వీధిలో ఇటువైపు వరసలో సొంత పళ్ళున్న పెద్దవాడు ఈనాక్ ఒక్కడే మిగిలాడు.

"ఎన్నాళ్ళిస్తారో ఏమో, రేపో మాపో డబ్బులడుగుతారు. ఉన్నవి ఎలాగూ ఊడేవే. ఒక్కసారే వదిలించుకుంటే పోలా?" అని భార్య ఐవీ ఏడాదిగా పోరింది. ఆవిడ పళ్ళు అంతకుముందు వేసవిలోనే వచ్చాయి. ఆపిల్ కొరకడానికి తప్ప అన్నిటికీ పనికొస్తున్నాయి.

డాక్టరు మత్తు పట్టించి ఇరవై రెండు పళ్ళు తీశాడు. చిగుళ్ళు మానాక సెప్టెంబరు చివర్లో కొత్తవి పెడతానన్నాడు. ఈనాక్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బస్సెక్కి ఇంటికొచ్చాడు. సెలవులు రెండు వారాలూ రొట్టె పాలలో నానబెట్టుకుని తిన్నాడు. పెరట్లో చిక్కుళ్ళు కోశాడు. ఎవరైనా పలకరిస్తే తల ఊపాడు. అది కొత్తేమీ కాదు, ఆయన ఎప్పుడూ తల ఊపే మనిషే.

సెలవులయ్యాక సోమవారం ఉదయం ఏడున్నరకి ఫ్యాక్టరీలో కొత్త కార్లు పరీక్షించే షెడ్డు తలుపులు తీశారు. కారు మధ్యలో ఉంది. దానికి పెట్టిన పేరు ఛాన్సలర్. నాలుగేళ్ళుగా తయారవుతోంది. ముందు చెక్కతో చేశారు, తర్వాత రేకుతో చేశారు, విప్పారు, మళ్ళీ చేశారు. అక్టోబరులో లండన్‌లో జరిగే ప్రదర్శనకు అది వెళ్ళాలి. ఫ్యాక్టరీ యజమాని సర్ ఆల్బన్ కెల్‌హామ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన పెట్టిన షరతు ఒకటే. ఈ కారులో కూర్చున్న మనిషికి పక్క మనిషి మాట తప్ప ఇంకేమీ వినపడకూడదు.

అందుకోసమే ఈనాక్ ఉన్నాడు. ఆయన పని డిక్కీలో పడుకోవడం.

మనిషి పొట్టి, సన్నం. డిక్కీలో పాత సైనిక కంబళి నాలుగు మడతలు వేసి పరుచుకుని, మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని ఎక్కేవాడు. పైనుంచి మూత వేసేవారు. డ్రైవరు కారుని కొండదారి పట్టించి, పది మైళ్ళు తిప్పి తెచ్చేవాడు. కారులో ఏ చప్పుడైనా, ఎంత చిన్నదైనా, వెనక రేకుల్లోకి పాకుతుంది. ఈనాక్ దగ్గర జానెడున్నర పొడుగు కర్ర పుల్ల ఉండేది, పనిముట్ల పిడులకు వాడే గట్టి చెక్కతో తనే నునుపుగా చెక్కుకున్నాడు. ఒక కొన రేకుకి ఆనించి, రెండో కొన పళ్ళతో కరిచి పట్టుకునేవాడు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో సుద్దముక్క ఉండేవి కదా, పుల్లను పట్టుకోడానికి మూడో చెయ్యి లేదు. చప్పుడు పుట్టే చోటు దొరికితే సుద్దతో గుర్తు పెట్టేవాడు. అక్కడ విప్పితే వదులైన బోల్టో, ఒరుసుకుంటున్న తీగో కనపడేది. ఒకసారి తలుపు లోపల చిక్కుకున్న వాషర్ ఒకటి దొరికింది, చిన్న చొక్కా గుండీ అంత ఉంది.

కారు తిరిగి రాగానే మూత తీసేవారు. ఆయన కిందికి దిగేవరకు ఎవరూ మాట్లాడకూడదన్నది ఆ షెడ్డు ఆనవాయితీ. దిగి, నడుం నిమురుకుని, సుద్దముక్క చూపిస్తే చప్పుడున్నట్టు. జేబులోంచి టోపీ తీసి పెట్టుకుంటే లేనట్టు. ఆ టోపీ మీద ఎదురు చెప్పినవాడు పదకొండేళ్ళలో ఒక్కడూ లేడు.

ఈనాక్ కుడిచెవి మొదటి యుద్ధంలో ఫిరంగి పక్కన పోయింది. ఎడమచెవి ఐదారు చలికాలాలుగా పోతూ పోతూ దాదాపు పోయింది. సంగతి ఎవరికీ చెప్పలేదు. మాట్లాడేవాళ్ళ పెదాలు చూసేవాడు, నలుగురూ నవ్వాక నవ్వేవాడు. చిత్రమేమిటంటే డిక్కీలో మాత్రం అన్నీ వినపడేవి. లోపల చీకటి, మనుషుల గోల ఉండదు, అందుకని కాబోలు అనుకునేవాడు.

"తాతా! ఏదీ, ఒక్కసారి నవ్వు!" అన్నాడు డ్రైవరు క్లెమ్ ఓట్స్, చేతి తొడుగులు వేసుకుంటూ. ముప్ఫై దాటినవాడు, యుద్ధంలో బాంబర్ విమానాల్లో పనిచేసి వచ్చాడు.

ఈనాక్ నోరు తెరిచి చూపించాడు.

"అబ్బో! మా చంటిదానికి నీకన్నా నాలుగెక్కువే ఉన్నాయి. ఇద్దరికీ ఒకే గిన్నెలో జావ కాయమంటా మా ఆవిణ్ణి."

షెడ్డులో నవ్వులు లేచాయి. ఈనాక్ కూడా, ఒక క్షణం ఆలస్యంగా, నవ్వాడు. కంబళి సర్దుకుని ఎక్కాడు. మూత పడింది.

కారు కదిలింది. కదలిక వీపుకి తెలిసింది. గేటు దగ్గర గతుకు తెలిసింది. కొండ మొదలైనట్టు ఒళ్ళు వెనక్కి జారింది. ఈనాక్ పుల్ల కొనను రేకుకి ఆనించి, రెండో కొన నోట్లో పెట్టుకుని అలవాటుగా బిగించాడు. చిగుళ్ళు కలుక్కుమన్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సర్దుకుని మళ్ళీ మెల్లగా బిగించాడు.

ఏమీ లేదు.

ఇంకా వేగం అందుకోలేదేమో అనుకున్నాడు. పుల్లను పెట్రోలు ట్యాంకు వైపు జరిపాడు. చక్రం గూడు మీద పెట్టాడు. మూత కమ్మీ మీద పెట్టాడు. ఈ చోట్లన్నీ ఆయనకి తెలిసినవే. ఒక్కోదానికి ఒక్కో గొంతు. సెలవులకు ముందు ట్యాంకు సన్నగా పాడేది, చక్రం గూడు మట్టికుండలా మోగేది. ఇప్పుడు అన్నీ ఒకటే. ఎవరో అన్నిటినీ దూదిలో చుట్టి పెట్టినట్టుంది. పుల్ల తీసి చూసుకున్నాడు. కొన మీద రక్తం మరక. పక్కన నునుపు చెక్కలో గుంటలు పడి ఉన్నాయి, పదకొండేళ్ళ పళ్ళ గాట్లు. వాటిమీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

ఇన్నాళ్ళూ తను విన్నది చెవితో కాదన్న సంగతి, రోడ్డు మీద ఎక్కడో నాలుగో మైలు దగ్గర, ముడుచుకున్న మోకాళ్ళ మధ్య, ఈనాక్‌కి అర్థమైంది.

మూత తెరుచుకుంది. వెలుతురు కళ్ళలో పడింది. ప్రయోగాల షెడ్డు అధికారి లోరిమర్ గడియారం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వెనక ఫిట్టర్లు ఐదారుగురు ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఈనాక్ దిగాడు. నడుం నిమురుకున్నాడు. సుద్దముక్క చూపిస్తే ఎక్కడ అని అడుగుతారు. ఎక్కడని చెప్పాలి? చెప్పిన చోటల్లా విప్పాలి, కొత్తగా బిగించాలి, వారం పడుతుంది. ప్రదర్శనకి ఎనిమిది వారాలే ఉంది. వినపడలేదని చెబితే గేటు పక్కన చీపురు పట్టుకునే పని కూడా ఇస్తారో ఇవ్వరో. ఇంత ఆలోచన కూడా పూర్తిగా జరగలేదు. చెయ్యి తనంతట తనే జేబులోకి పోయింది. టోపీ బయటికొచ్చింది. తలమీదికెక్కింది.

ఫిట్టర్లు చప్పట్లు కొట్టారు. ఆ సంగతి వాళ్ళ చేతులు చూసి తెలుసుకున్నాడు.

క్లెమ్ ఒక్కడే కొట్టలేదు. "అదేంటి తాతా? నలభై మూడు మైళ్ళ వేగం దగ్గర మూలుగుతోందిగా! వెనకనుంచే. ఆవు ఈనబోయే ముందు మూలుగుతుందే, అలాగ."

లోరిమర్ ఈనాక్ వైపు తిరిగాడు. ఆయన పెదాలు కదిలాయి. "ట్రిగ్?"

"లేదు సార్," అన్నాడు ఈనాక్.

"ఉందండీ," అన్నాడు క్లెమ్.

"నీది ముందు సీటు ఓట్స్. ఇంజను పక్కన కూర్చుంటావు. ఆయన పడుకునేది రేకు మీద," అన్నాడు లోరిమర్, గడియారం మూత టప్పున వేస్తూ.

మంగళవారం క్యాంటీన్‌లో క్లెమ్ ఈనాక్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఈనాక్ రొట్టెముక్క టీలో ముంచుకుని, అది కూలిపోకముందే నోట్లో వేసుకుంటున్నాడు. ముఖం పైకెత్తి క్లెమ్ నోటివైపు చూశాడు.

"తాతా, నిన్న రెండుసార్లు, ఇవాళ పొద్దున ఒకసారి విన్నా. మూడుసార్లూ అదే వేగం, అదే మూలుగు. నలభై దాటాక మొదలై నలభై అయిదుకి ఆగిపోతుంది. నాకేమన్నా పిచ్చా?"

"లేదు."

"మరి నీకెందుకు వినపడటం లేదు?"

ఈనాక్ కప్పు తిప్పాడు. కప్పు అడుగున రొట్టె పొడి చేరింది.

"నామీద ఏమన్నా కోపమా? సోమవారం నేను పళ్ళ మీద జోకేశానని..."

"ఛ! అదేం లేదురా."

"అయితే రేపు ఇంకోసారి పడుకో. నాకోసం. అది లేదని నువ్వు రెండోసారి చెప్తే నేను నోరు మూసుకుంటా. మా ఆవిడ మీద ఒట్టు." క్లెమ్ లేచి, తన పళ్ళెంలో మిగిలిన మెత్తటి పాయసం ఈనాక్ వైపు జరిపాడు. "తిను. ఇది నమలక్కర్లేదు."

ఈనాక్ ఆ పాయసం మొత్తం తిన్నాడు. వదిలెయ్యాలని అనిపించింది గాని, వదిలేస్తే ఎందుకో వాడు అడుగుతాడు.

బుధవారం మళ్ళీ పడుకున్నాడు. క్లెమ్ ఆ వేగం దగ్గర కారుని చాలాసేపు నిలకడగా నడుపుతానని, ఆ సమయంలో హారన్ ఒక్కసారి కొడతానని చెప్పాడు. హారన్ కొట్టాడో లేదో కూడా తెలీలేదు. ఈనాక్ పుల్లను చెవి వెనక ఎముకకి ఆనించి నొక్కాడు. దవడకి ఆనించాడు. వాచిన బుగ్గ మీద, నుదుటి మీద, ముక్కు దూలం మీద పెట్టి చూశాడు. ఒకచోట, కణత దగ్గర, పక్కింట్లో ఈగ తిరుగుతున్నంత సన్నగా ఏదో తగిలింది. అది కారుదో, తన రక్తం పరుగుదో తెలీలేదు. అరచేతులు రెండూ రేకుకి ఆనించాడు. రేకు వణుకుతోంది. నడిచే కారులో ఏ రేకు వణకదు? సుద్దముక్క పట్టుకుని, ట్యాంకు పట్టీ దగ్గర సగం గీత గీశాడు. మళ్ళీ ఉమ్మితో తుడిచేశాడు.

మూత తీసినప్పుడు క్లెమ్ కళ్ళు మెరుస్తున్నాయి. ఈనాక్ కిందికి దిగి, వాడి కళ్ళలోకి చూడకుండా, టోపీ పెట్టుకున్నాడు.

క్లెమ్ చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి తీశాడు. "సరే. తాతకి వినపడలేదంటే లేనట్టే," అన్నాడు. అలా అన్నవాడు తల విదిలించి, చెవిలో వేలు పెట్టి ఆడించి చూసుకున్నాడు. నీళ్ళు పోయినవాడు ఆడించినట్టు.

లోరిమర్ దగ్గరకొచ్చాడు. కోపం లేదు ఆయన ముఖంలో, జాలి ఉంది. "ఎన్నేళ్ళు ఎగిరావు ఓట్స్ ఆ విమానాల్లో?"

"మూడేళ్ళు సార్."

"నాలుగు ఇంజన్ల మధ్య మూడేళ్ళు. నీ తప్పు కాదయ్యా. చాలామందికి చెవిలో మోత ఉండిపోయింది. శుక్రవారం ఎనిమిదింటికి మన వైద్యశాలలో సిస్టర్ దగ్గరకెళ్ళి చెవులు చూపించుకో. ఆవిడ పుస్తకంలో ఏం రాస్తే అది. బాగుంటే సరే. లేకపోతే స్టోర్సులో చోటు చూద్దాం. అప్పటిదాకా కారు తాళాలు ఇలా ఇచ్చెయ్."

క్లెమ్ తాళాలిచ్చాడు. ఆ మధ్యాహ్నం షెడ్డు వెనక, చొక్కా చేతులు మడిచి, గొట్టంతో వేరే కార్లు కడిగాడు. కడుగుతూ కడుగుతూ ఆగి, గొట్టం చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. ఈనాక్ కిటికీలోంచి అది చూశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఐవీ చిక్కుళ్ళు ఉడికిస్తూ ఏదో చెబుతోంది. ఈనాక్ తల ఊపుతూ, జేబులోంచి పుల్ల తీసి, పొయ్యి పైన అరమీద ఉన్న గడియారానికి ఆనించాడు. రెండో కొన చిగుళ్ళ మధ్య పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే ఐవీ గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"ఏంటయ్యా అది?" అంది, ఒక్కో మాటా విడివిడిగా, పెదాలు బాగా కదుపుతూ. ఆవిడ ఎప్పట్నుంచి అలా మాట్లాడుతోందో ఈనాక్ ఆలోచించాడు. చాలా ఏళ్ళనుంచే.

"నీకు తెలుసా?" అన్నాడు.

"పక్కన పడుకునేదాన్ని, నాకు తెలీదా? పిల్లి చచ్చిపోయిందని చెప్తే మంచిదే అన్నావు. ఆ రోజే తెలిసింది."

"మరి అడగలేదే?"

"నువ్వు చెప్పలేదుగా."

ఈనాక్ పుల్ల ఆవిడ చేతికిచ్చాడు. గాట్లు చూపించాడు. తన నోరు చూపించాడు. ఐవీ పుల్లనూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. కాసేపటికి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఆవిడ ముఖం తిప్పుకుంది గనక తర్వాత ఏమందో ఆయనకి తెలీలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. చిక్కుళ్ళు గిన్నెకి అంటుకుని మాడాయి. వాసన ఇద్దరికీ వచ్చింది, ఎవరూ లేవలేదు.

గురువారం పెద్దాయన వచ్చాడు.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి. సైకిళ్ళు బాగుచేసే రేకు పాకలో మొదలుపెట్టి ఇంత ఫ్యాక్టరీ కట్టాడు. కొత్త కారు పాసయ్యే రోజున ఆయన వెనక సీట్లో కూర్చుని పది మైళ్ళు తిరగడం, డిక్కీ మనిషిని ఆ ఒక్కరోజు తన పక్కన కూర్చోబెట్టుకోవడం ఆనవాయితీ. తిరిగొచ్చాక డిక్కీ మూత లోపల అతికించే అట్టముక్క మీద ఇద్దరూ సంతకం పెడతారు. కారు విదేశాలకి పోయినా ఆ అట్ట దానితోనే ఉంటుంది.

లోరిమర్ స్వయంగా కారు నడిపాడు. ఈనాక్ కొత్త తోలు మీద, వాసనకి కూడా కొత్తగా ఉన్న సీటు మీద, అంచున కూర్చున్నాడు. సర్ ఆల్బన్ మోకాళ్ళమీద దుప్పటి, చేతికర్ర మీద రెండు చేతులు.

"ముప్ఫై," అన్నాడు లోరిమర్. అద్దంలో ఆయన పెదాలు ఈనాక్‌కి కనపడ్డాయి. సర్ ఆల్బన్ బయటికి చూస్తున్నాడు. ఒక్క క్షణం ఆగి, "అవునవును," అన్నాడు.

"ఈ రోడ్డు మళ్ళీ వేశారు సార్, కిందటి నెల."

"బాగుంది, బాగుంది. తోలు బాగా కుదిరింది."

ఈనాక్ మెల్లగా పెద్దాయన వైపు తిరిగాడు. ఆ ఆలస్యం తనకి తెలుసు. ముందు చిరునవ్వు, తర్వాత మాట, ఎక్కడైనా పనికొచ్చే మాట. ఎదుటివాడికి మాట్లాడే సందు ఇవ్వకుండా తనే మాట్లాడుతూ పోవడమూ తెలుసు. సర్ ఆల్బన్ మాట్లాడుతూనే ఉన్నాడు. మొదటి ఇంజను గురించి చెబుతున్నాడు.

"అప్పుడు నాకు పనివాళ్ళెక్కడ? స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజను మీద, ఒక కొన నా పళ్ళ మధ్య. అలా పట్టుకుంటే ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేవాణ్ణి." నవ్వాడు. పళ్ళు తెల్లగా, ఒకే వరసగా, ఒకే ఎత్తున ఉన్నాయి. మంచి డబ్బు పెట్టి చేయించినవి.

"నలభై రెండు," అన్నాడు లోరిమర్. "నలభై మూడు." అలా అన్నాక ఆయన మెడ బిగిసింది. చేతులు చక్రాన్ని గట్టిగా పట్టుకున్నాయి. కారుని ఇంకాస్త తొందరగా నలభై అయిదు దాటించాడు.

ఈనాక్ అది చూశాడు. లోరిమర్‌కి వినపడింది.

"అయ్యా," అన్నాడు ఈనాక్. ఆయన జన్మలో ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడలేదేమో. "నాకు వినపడదయ్యా. పళ్ళు పోయాక ఏమీ వినపడటం లేదు. సోమవారం నుంచి నేను పెట్టుకున్న టోపీలన్నీ అబద్ధం. చప్పుడుంది. ఓట్స్ చెప్పిందే నిజం. వాడి చెవులు బాగానే ఉన్నాయి."

సర్ ఆల్బన్ చిరునవ్వుతో తల ఊపాడు. ఒక క్షణం ఆగాడు. చెయ్యి చాపి ఈనాక్ మోకాలు తట్టాడు.

"అంతా నీ చలవే ట్రిగ్. ఎంత నిశ్శబ్దం!" అన్నాడు.

ఈనాక్ అద్దంలోకి చూశాడు. లోరిమర్ కళ్ళు అక్కడ ఉన్నాయి, తనవైపే చూస్తూ. ఒక్క రెప్పపాటు. తర్వాత అవి రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. కొండ దిగి గేటు దాకా మళ్ళీ తిరిగి రాలేదు.

షెడ్డులో అట్టముక్క బల్లమీద పెట్టి ఉంది. సర్ ఆల్బన్ సంతకం చేసి కలం ఈనాక్ చేతికిచ్చాడు. చుట్టూ జనం. ఈనాక్ కలం పట్టుకుని నిలబడ్డాడు. లోరిమర్ పక్కకొచ్చి, జనానికి వీపు పెట్టి, ముఖం ఈనాక్ ముఖానికి దగ్గరగా తెచ్చాడు. చప్పుడు లేకుండా, పెదాలతో మాత్రమే మాట్లాడాడు. అంటే ఈనాక్ పెదాలు చూసి వింటాడని ఆయనకి కూడా ఎప్పట్నుంచో తెలుసు.

"అలిసిపోయావు ట్రిగ్. ఇంకా ఎనిమిది వారాలే. విప్పితే కారు లండన్ చేరదు. ప్రదర్శన కానీ, తర్వాత చూసుకుందాం. ఆ మూలుగు కొనేవాడికి తెలీదు. సంతకం పెట్టు."

"మరి క్లెమ్?"

"వాడికి స్టోర్సులో కుర్చీ దొరుకుతుంది. నీకు ఈ వయసులో దొరుకుతుందా?"

ఈనాక్ సంతకం పెట్టాడు. అంత చిన్న పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. ఫిట్టర్లు చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గర క్లెమ్ కూడా కొట్టాడు, తడి చేతులతో.

మర్నాడు పొద్దున్నే ఈనాక్ లేచి, గడ్డం గీసుకుని, ఆదివారం చొక్కా వేసుకున్నాడు. ఐవీ కాలరు సరిచేసింది. ఎనిమిదికి పది నిమిషాల ముందు ఫ్యాక్టరీ వైద్యశాలకి వెళ్ళాడు. బయట బల్లమీద క్లెమ్ తలకి నూనె రాసి దువ్వుకుని కూర్చున్నాడు, పరీక్షకొచ్చినవాడిలా.

"నువ్వెందుకొచ్చావు తాతా? చిగుళ్ళా?"

ఈనాక్ వాడి భుజం మీద చెయ్యి వేసి, లేవకుండా నొక్కి, తను లోపలికెళ్ళాడు. తలుపు మూయలేదు. చివరిదాకా తెరిచి, కాలితో ఒక ఇటుక అడ్డం పెట్టాడు.

సిస్టర్ బ్రాందర్ పుస్తకంలోంచి తలెత్తింది. "ట్రిగ్? నీ చెవుల పరీక్ష మార్చిలో అయిపోయిందిగా. మొదటి తరగతి. నేనే రాశాను."

"మళ్ళీ చెయ్యండమ్మా. ఓట్స్ కన్నా ముందు. వాడు చూస్తుండగా. చూసింది పుస్తకంలో రాయండి."

మార్చిలో, అంతకుముందు మార్చిలో, ఆ ముందటి మార్చిలో కూడా ఆయన ఇదే కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా మందుల బీరువా, దానికి అద్దం తలుపులు. సిస్టర్ వెనక నిలబడి జేబుగడియారాన్ని చెవి దగ్గరికి తెచ్చేది. వినపడగానే చెయ్యెత్తాలి. ఆవిడ చెయ్యి అద్దంలో కనపడేది. కనపడగానే ఈనాక్ చెయ్యెత్తేవాడు, ఎప్పుడూ కాస్త ఆలోచించినట్టు ఆగి.

ఈనాక్ కుర్చీని రెండు చేతులతో ఎత్తి, గోడవైపు తిప్పి వేశాడు.

"అలా ఎందుకు?" అని సిస్టర్ అడిగి ఉంటుంది. ఆయన అప్పటికే కూర్చున్నాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని, దానిమీద రెండు చేతులూ ఆనించాడు. ఎదురుగా పచ్చరంగు వేసిన గోడ. రంగు కింద నుంచి వరద గీత సన్నగా కనపడుతోంది. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వెనక ఆవిడ నడిచి వచ్చి ఉంటుంది. గడియారం తీసి ఉంటుంది. కుడివైపు తెచ్చి, ఎడమవైపు తెచ్చి, ఇంకా దగ్గరికి, చెవికి తగిలేంత దగ్గరికి తెచ్చి ఉంటుంది. చల్లటి లోహం చెవికి తగిలింది.

ఈనాక్ చెయ్యి ఎత్తలేదు.